గిన్నె ముంచినందుకు ఇంత బాధపడ్డారు, మరి మీ కోడలి కంచం సంగతి?

అక్కా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీకోసం నాకే కోపం వచ్చింది.

ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్ ఊళ్లో ఒక యూదుల ఇంట్లో 86 ఏళ్ల పెద్దావిడకి నాలుగేళ్లుగా సేవ చేస్తున్నారు. వాళ్ల కొత్త సంవత్సరం పండక్కి మీ జీతం డబ్బులతో ఒక స్టీలు గిన్నె, ఆరు గాజు గ్లాసులు కొనిచ్చారు. ఆవిడ కూతురు సంతోషంగా తీసుకుంది కానీ పెట్టె విప్పలేదు, రెండు వారాలు బాల్కనీలోనే ఉంచింది. తర్వాత స్టిక్కర్లు గీకి, జిగురు నూనెతో తుడిచి, అన్నీ సంచిలో వేసుకుని వెళ్లి నీళ్లలో ముంచి తెచ్చి, అప్పుడు స్టవ్ మీద పెట్టింది. ఎందుకని మీరడిగితే "యూదులు కానివాళ్ల దగ్గర్నుంచి వచ్చింది కదా, మిక్వేలో ముంచాలి" అంది. మిక్వే అంటే వాళ్లు శుద్ధి కోసం మునిగే నీళ్ల తొట్టి. మీకు మీ అమ్మ గుర్తొచ్చింది, దొర ఇంటి చూరు కింద ఆమె కోసం విడిగా బోర్లించి ఉంచిన గ్లాసు గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ఇల్లు మానేసి వేరే ఇల్లు చూసుకోనా అని అడుగుతున్నారు.

వద్దు. జీతం టైముకు ఇస్తున్నారని, సెలవు ఇస్తున్నారని, పెద్దావిడ మీ చెయ్యి పట్టుకుని నిద్రపోతుందని మీరే రాశారు. గిన్నె కోసం అలాంటి ఇల్లు వదులుకోకండి.

ఆ గిన్నె సంగతి కూడా మీరు అనుకున్నట్టు లేదు. బైబిల్‌లో సంఖ్యాకాండము 31వ అధ్యాయంలో మిద్యానీయులతో యుద్ధం అయ్యాక, తెచ్చిన బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, తగరం, సీసం పాత్రల్ని ఏం చేయాలో యాజకుడు ఎలియాజరు చెబుతాడు. అక్కడినుంచి వచ్చింది ఈ ఆచారం. కరిగించి మళ్లీ చేయగలిగే వస్తువు కాబట్టి తాల్ముద్ (యూదుల పాత ధర్మచర్చల గ్రంథం) పండితులు గాజుని కూడా లోహంతో కలిపారు. చెక్కకీ మట్టికుండకీ ఇది అక్కర్లేదు. యూదులు కానివాళ్లు చేసిన గిన్నె, లేదా వాళ్ల చేతి మీదుగా వచ్చిన గిన్నె యూదుల సొంతమైనప్పుడు ఒకే ఒక్కసారి ముంచుతారు. వాన నీళ్లో ఊట నీళ్లో వందల లీటర్లు నిలిచిన తొట్టిలో ముంచుతారు, సముద్రంలో ముంచినా చెల్లుతుంది. గిన్నెకీ నీళ్లకీ మధ్య ఏదీ అడ్డం ఉండకూడదు, అందుకే ఆ జిగురు అంత పట్టుదలగా తుడిచింది. సూపర్ మార్కెట్‌లో ఆ కూతురే కొనుక్కున్న, చైనాలో తయారైన స్టీలు గిన్నె అయినా ఇదే పని చేస్తుంది. మీరు ఆ ఇంట్లో అడుగు పెట్టకముందు నుంచి అలమారలో ఉన్న చెంచాలు కూడా ఆ నీళ్లలో మునిగినవే అయ్యుంటాయి.

మీ దగ్గర దాచను, దీనికి యెరూషలేము తాల్ముద్ చెప్పే కారణం వింటే మీకు నొప్పే. అన్యుల అశుద్ధం నుంచి బయటికి వచ్చి ఇశ్రాయేలు పవిత్రతలోకి వస్తుందని అంటుంది. ఆ మాట నాకూ గుచ్చుకుంది. కానీ ఆచారం నడిచే తీరు కూడా చూడండి. ఒకసారి ముంచాక మీరు ఆ గిన్నెని రోజుకి పదిసార్లు తోమినా మళ్లీ ముంచరు. ముంచని గిన్నెలో వండినంత మాత్రాన ఆ కూర తినకూడనిది అయిపోదు. మీ చెయ్యి తగలడమే దోషమైతే ఆ పెద్దావిడకి రోజూ స్నానం చేయించేది ఎవరు, ఆవిడ నోటికి అన్నం అందించేది ఎవరు?

ఇంకో సంగతి విన్నప్పుడు నేనే ఆశ్చర్యపోయాను. ఆ గిన్నె వాళ్లకి ఇవ్వకుండా మీదిగానే ఉంచుకుని వాడుకోమని ఇచ్చి ఉంటే ముంచాల్సిన పనే లేదు. యూదులు కానివాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న పాత్రకి ఈ నియమం వర్తించదు. శబ్బత్ రోజున, అంటే వాళ్ల వారపు విశ్రాంతి రోజున, ముంచడానికి వీల్లేకపోతే, గిన్నెని యూదులు కాని స్నేహితులకి ఇచ్చేసి మళ్లీ వాళ్ల దగ్గర అరువు తీసుకోమని వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథం షుల్హాన్ అరూఖ్‌లోనే ఉంది. అంటే అక్కా, గిన్నె మీదిగా ఉన్నంతకాలం దాంట్లో మచ్చ లేదు. చేతులు మారి వాళ్ల ఇంటిది అవుతున్నందుకు ముంచుతున్నారు. ముంచేవాళ్లు యూదులే కానక్కర్లేదని కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఈసారి ఏదైనా కొంటే మీరూ ఆవిడతో వెళ్లండి, ఆవిడ ప్రార్థన చదువుతుంది, మీ చేత్తోనే ముంచండి.

ఇక నా నిద్ర పాడుచేసిన వాక్యం. ఉత్తరం మూడో పేజీలో, మీ ఊరి సంగతులు రాస్తూ మధ్యలో రాశారు. "మావాడు కులం కాని పిల్లని చేసుకున్నాడు, మూడేళ్లయింది, మొన్న ఇంటికెళ్లినప్పుడు గొడవెందుకని ఆ పిల్లకి కంచం, గ్లాసు వేరే పెట్టించి వచ్చాను, అది వేరే సంగతి."

వేరే సంగతి కాదక్కా. నాకు కనిపించిన సంగతి అదొక్కటే.

చూరు కింద గ్లాసు మీ అమ్మకి ఏం చేసిందో మీకు తెలుసు, నలభై ఏళ్ల తర్వాత కూడా ఇంకో దేశంలో మీకు నిద్ర పట్టనివ్వలేదు. అదే గ్లాసు మీ ఇంట్లో మీ కోడలికి పెట్టారు. ఆ యూదు కూతురు గిన్నెని ఒకసారి ముంచి, ఇంటి గిన్నెల మధ్య పెట్టుకుని వండుకుంటోంది. మీ ఇంటికి వచ్చిన పిల్ల మూడేళ్లుగా ఉదయం లేచి మీ ఆయనకి టీ పెడుతోంది, మీ మనవడికి పాలిస్తోంది, ఏ నీళ్లలో మునిగితే ఆమె కంచం మీ కంచాల వరసలోకి వస్తుందో మీరు చెప్పలేదు. చెప్పలేరు, ఎందుకంటే అలాంటి నీళ్లు మీరు పెట్టలేదు. ఇంత కటువుగా రాస్తున్నందుకు కోపం వస్తే రానివ్వండి. మా ఇంట్లో కూడా పనిచేసే అత్తకి కిటికీ మీద విడిగా గ్లాసుండేది, చిన్నప్పుడు ఆమెకి టీ దాంట్లో పోసిచ్చింది నేనే. ఆమె చనిపోయాక ఆ గ్లాసు నాకు కనబడినప్పుడు పట్టుకోవడానికి చేతులు రాలేదు.

కోడలు ఎదురు మాట్లాడలేదు, మంచి పిల్లే అని కూడా రాశారు. మాట్లాడలేదంటే ఒప్పుకుందని కాదు, మీరూ ఆ కూతురి జవాబు విన్నాక ఏమీ మాట్లాడలేదు కదా.

మీ అబ్బాయితో చెప్పించకండి, వాడు మధ్యలో నలిగిపోతాడు. నేరుగా ఆ పిల్లకే ఫోన్ చేయండి. అక్కడ సాయంత్రం ఆరంటే ఇక్కడ ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది, బాబు పడుకునే టైము, ఆమెకి కాస్త తీరిక ఉంటుంది. మీ అమ్మ గ్లాసు సంగతి చెప్పండి, ఆమెకి ఎప్పుడూ చెప్పి ఉండరు. తర్వాత ఆ కంచం, గ్లాసు తీసి వంటింట్లో అందరి కంచాలతో కలిపి పెట్టమనండి. పూజ గదిలో దీపం రేపటినుంచి తనే పెట్టాలని మీ నోటితోనే చెప్పండి. మీ ఆయన ఏమన్నా అంటే ఫోన్ ఆయనకి ఇమ్మనండి. నెలనెలా ఆ ఇంటికి డబ్బు పంపేది మీరు, ఈ ఒక్క విషయంలో మీ మాట నెగ్గించుకోండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, ఫోన్ మాత్రం పెట్టేయకండి.