సాంత్-క్రువా సరస్సులో మోటారు పడవ నడపొచ్చా?

పెట్రోల్, డీజిల్ పడవలైతే కుదరదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఈ సరస్సులో వాటిపై నిషేధం ఉంది. ఇందులో చేరే వెర్దోన్ నది నీళ్లు ప్రొవాన్స్ ప్రాంతపు ఊళ్ల కుళాయిల్లోకీ వెళ్తాయి, వాటి మీద నూనె తెట్టు కట్టకూడదు కదా. బ్యాటరీ పడవలు, తొక్కుడు పడవలు, కయాక్‌లు అద్దెకు దొరుకుతాయి. ఉదాహరణకు నది లోయలోంచి సరస్సులోకి వచ్చే చోట ఉన్న గలేతా వంతెన దగ్గర కయాక్ ఎక్కి లోయలోకి వెళ్తే, కాసేపట్లోనే రెండు పక్కలా నిటారు సున్నపురాతి గోడలు, కింద పాలు కలిపినట్టుండే నీలిపచ్చ నీళ్లు.

చాలామంది దీన్ని సహజ సరస్సు అనుకుంటారు. కాదు, 1970లలో కట్టిన డ్యామ్ వెనక నిలిచిన నీళ్లివి. పాత లె సాల్ ఊరు అడుగున ఉంది. డ్యామ్ నీళ్లు కాబట్టి నీటిమట్టం ఏటా ఒకేలా ఉండదు. 2022 కరువులో గలేతా దగ్గర బురద తేలి, లోయలోకి కయాక్‌లు వెళ్లలేకపోయాయి.