మోకాలికి ‘వేడి చేయాలా’?

సందేహం: మా ఊళ్ళో వైద్య శిబిరం కోసం కరపత్రం రాశాను. “మోకాలికి రోజుకు రెండుసార్లు వేడి చేయాలి” అని చదివి వినిపిస్తే, మా నాయనమ్మ “మోకాలికి వేడి చేయడమేమిటి నాయనా?” అంది. నా వాక్యంలో తప్పేమిటి?

సమాధానం: మీ నాయనమ్మగారి చెవి చాలా మంచిది. “నీళ్ళు వేడి చేశాను” అంటే చేసిన మనిషి ఉన్నాడు. “నాకు వేడి చేసింది” అన్నప్పుడు చేసినవారెవరూ లేరు. బాధ పడే మనిషి ‘కు’ చేర్చుకొని వస్తాడు. జలుబు చేసింది, సుస్తీ చేసింది అనేవీ ఈ కోవలోవే. నోరు పూసినా, మూత్రం మంటగా వచ్చినా “వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు” అంటాం కదా! మీరు ‘మోకాలికి’ అని మొదలుపెట్టి ‘వేడి చేయాలి’ అనేసరికి ఆవిడకు ఆ బాధే స్ఫురించింది.

మీకు కావలసిన మాట కాపడం. “మోకాలికి కాపడం పెట్టాలి” అనండి. చూచు నుంచి చూపు, ఓర్చు నుంచి ఓర్పు వచ్చినట్టే కాచు నుంచి కాపు వచ్చింది. కాపడంలో ఉన్నది అదే. పాలు కాచడం, చలి కాచుకోవడం, ఎండ కాయడం అన్నీ ఒకే కుదురు మాటలు. తమిళులు జ్వరాన్ని ‘కాయ్‌చ్చల్’ అంటారు. మనమూ జ్వరం వస్తే “ఒళ్ళు కాగిపోతోంది” అంటాం.

మా అమ్మ పెనం మీద రాళ్ళ ఉప్పు వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి, ముందు తన ముంజేతికి ఆనించి చూసుకొనేది. ఆ తరువాతే నాన్న నడుముకు అద్దేది. అద్దడం, తీయడం, మళ్ళీ అద్దడం, ఇదంతా కలిపి కాపడం పెట్టడం. ‘ఉష్ణచికిత్స’ అని రాస్తే ఆ మూట కంటికి కనిపించదు. ఇంతటి మాటను పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మరో రెండు మాటలు కూడా కరపత్రంలో చేర్చండి. కాపడం పట్టేసిన కండరాలకు, పాత కీళ్ళ నొప్పులకు హాయినిస్తుంది. బెణికి వాచిన తొలి రెండు రోజులు మాత్రం చల్లని గుడ్డే వేయాలి. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి వేడి తెలియదు, బొబ్బలెక్కేదాకా గమనించరు. అందుకని ఉత్త ‘వేడి’ అని వదిలేయకండి. నులివెచ్చన, గోరువెచ్చన అని మనకు మెట్లున్నాయి. ఎంత వేడి కావాలో ఆ మాటే రాయండి. ముందుగా ఇంట్లో మరొకరు ముంజేతికి ఆనించి చూడాలని కూడా రాయండి.