సీటు ఎత్తు తగ్గించడానికి నెల జీతం పెట్టాలా?

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం చిన్న మోటార్‌సైకిల్ కొన్నాను. నేను కాస్త పొట్టి. కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలకు ఆనుతాయి. ఆగినచోట రెండుసార్లు బండి పక్కకి ఒరిగి పడింది. షాకబ్జర్లు మార్చి, సీటు కోయిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. ఖర్చు దాదాపు నా నెల జీతమంత. అత్యవసర నిధిలోంచి తీయనా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టనా? లేక బండి అమ్మేయనా?

జవాబు: నిధి జోలికి వెళ్లకండి, కార్డూ వద్దు. అమ్మకం సంగతి చివర్లో చూద్దాం. డబ్బు ఎక్కడిది అని మీరు అడుగుతున్నారు కానీ, ఎన్ని సెంటీమీటర్లు కావాలో ఎక్కడా రాయలేదు. ముందు అది తేలాలి.

రోజూ బండి నడిపేటప్పుడు వేసుకునే బూట్లతోనే కూర్చోండి. ఒకరిని వెనక నుంచి బండి నిటారుగా పట్టుకోమనండి, ఇంకొకరు మీ మడమ కింద ఖాళీని టేపుతో కొలవాలి. రెండు పాదాలూ పూర్తిగా ఆనాల్సిన పనిలేదు. పాదం ముందు భాగం గట్టిగా ఆనితే, లేదా ఒక కాలు పూర్తిగా ఆనితే చాలు. ఇలా చూస్తే మీకు కావలసింది అనుకున్నదాని కన్నా తక్కువే కావచ్చు. ఇక ఎవరు ఏ పని చెప్పినా రెండే అడగండి: ఎన్ని సెంటీమీటర్లు తగ్గుతుంది? నచ్చకపోతే మళ్లీ పాత స్థితికి తేవచ్చా?

పైసా ఖర్చు లేని పని ఒకటుంది. చాలా బండ్లకు వెనక షాకబ్జర్ స్ప్రింగ్ కింద మెట్లు మెట్లుగా ఒక అడ్జస్టర్ ఉంటుంది. దాన్ని స్పానర్‌తో అన్నిటికన్నా మెత్తని మెట్టుకి తిప్పితే, మీరు కూర్చున్నప్పుడు బండి ఇంకాస్త దిగుతుంది. వెనక మనిషిని ఎక్కించుకున్న రోజు మాత్రం మళ్లీ గట్టి చేయాలి, లేదంటే గుంతల్లో షాకబ్జర్ అడుగుదాకా కుంగి కొట్టుకుంటుంది.

తర్వాత సీటు. ఎత్తు ఒక్కటే చూడకండి, ముందు భాగం వెడల్పు కూడా చూడండి. వెడల్పు సీటు తొడల్ని పక్కలకి నెడుతుంది, కాలు ఏటవాలుగా దిగుతుంది. ముందు అంచుల్ని సన్నం చేయిస్తే ఫోమ్ మందం పెద్దగా పోకుండానే పాదం కిందికి వస్తుంది. మొత్తం ఫోమ్ చెక్కేస్తే అరగంటకే కింద ప్లాస్టిక్ తగులుతుంది. నేనూ ఒకప్పుడు ఉన్న ఒక్క సీటూ కోయించుకుని, ఆ బండి అమ్మేదాకా నడుం పట్టుకుని తిరిగాను. అందుకే చెబుతున్నా, వాడిన సీటు ఇంకొకటి కొని దాన్ని కోయించండి. అసలు సీటు అటక మీద పెట్టండి.

షాకబ్జర్ల దగ్గరే ఖర్చు గొలుసులా సాగుతుంది. వెనక మాత్రమే కుదిస్తే హ్యాండిల్ తిరగడం మందగిస్తుంది కాబట్టి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాల్ని కూడా, వాటిని బిగించే క్లాంపుల్లో అంత పైకి జరపాలి. బండి కిందికి దిగాక సైడ్ స్టాండ్ పొడవైపోతుంది. స్టాండ్ వేసినా బండి దాదాపు నిటారుగా నిలబడి, కాస్త వాలు దొరికితే చాలు అవతలికి పడిపోతుంది. పడకూడదనే కదా ఇంత ఖర్చు! అందుకని స్టాండ్ కోసి వెల్డింగ్ చేయించాలి. సెంటర్ స్టాండ్ ఉంటే ఎక్కించడం కష్టమవుతుంది. స్పీడ్ బ్రేకర్లకి కింది భాగం గీసుకుంటుంది. ఇవన్నీ మెకానిక్ చెప్పిన లెక్కలో ఉన్నాయా?

బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకుండా మారిస్తే, క్లెయిమ్ రోజున పేచీ రావచ్చు. మార్చిన భాగాల వల్ల వచ్చిన లోపాలకు వారంటీ దక్కకపోవచ్చు. రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా ఒకసారి కనుక్కోండి. ఇంకోటి, మార్పులకు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రావడం అరుదు. కుదించిన బండి కొనడానికి పొట్టివాళ్లే ముందుకు రావాలి!

కాబట్టి అడ్జస్టర్ ఈ వారం తిప్పించండి. సీటు పని వచ్చే జీతంలోని సరదా ఖర్చుల్లోంచి చేయించండి. ఆ తర్వాత నెల రోజులు నడిపి మడమ కింద మళ్లీ కొలవండి. ఇంకా ఒకటి రెండు సెంటీమీటర్లే మిగిలితే మందమైన సోల్ ఉన్న బూట్లతో సరిపోతుంది. మూడు దాటితే మాత్రం షాకబ్జర్ల ఖర్చునీ, ఈ బండి అమ్మి తక్కువ ఎత్తున్నది కొంటే పోయే తేడానీ పక్కపక్కన రాసి చూడండి. అమ్మి కొనడంలో పోయేదే తక్కువగా తేలితే అమ్మేయండి. ఈసారి కొనే ముందు బండి నడిపేటప్పుడు వేసుకునే బూట్లు వేసుకుని షోరూమ్‌లో పది నిమిషాలు బండి మీద కూర్చోండి.