పోల్చుట – సరిపోల్చుట

సందేహం: రాత్రి దీపాల ఉపగ్రహ చిత్రాన్ని దేశపటంతో "సరిపోల్చారు" అని ఒక వ్యాసంలో చదివాను. చిత్రాన్ని పటం మీద సరిగ్గా కూర్చోబెట్టే పనికి ఈ మాట చాలునా? "జతపరచారు" అనడం మేలా? – ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మారు "మార్చు" అయినట్లే పోలు "పోల్చు" అయింది. తమిళంలో ఇది "పోల్", కన్నడంలో "హోలు". మన పాలు అక్కడ హాలు అయినట్లే ఇక్కడా పకారం హకారమైంది. అయితే పోల్చడమంటే రెండింటిని పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు చూడటమేనని నేటి రాతలు మనకు అలవాటు చేశాయి. "చీకట్లో మిమ్మల్ని పోల్చుకోలేకపోయానండీ" అని మా విజయవాడ పెద్దలు ఇప్పటికీ అంటారు. అక్కడ పోల్చుకోవడమంటే ఆనవాలు పట్టడం. ఈ అర్థాన్ని మరచి, "నిరుటికంటే" అంటే సరిపోయేచోట "నిరుటితో పోల్చితే" అని రాయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆనవాలు పట్టడమెలాగో తిక్కన విరాటపర్వంలో చూడాలి. అర్జునుడు ఉత్తరుడికి కౌరవవీరులను ముఖాలను బట్టి కాక జెండాలను బట్టి చూపుతాడు. బంగారు వేదిక గుర్తుగా గలవాడు ద్రోణుడు, తాటిచెట్టు సిడమువాడు భీష్ముడు అని ఒక్కొక్కరినీ చెప్పి, చివర "ఏర్పడఁ జూచికొనుము" అంటాడు. సిడమంటే జెండా; ఇంత చక్కని మాటను మనం పోగొట్టుకున్నాం. దూరాన కలగలిసి కనబడే సేనలో గుర్తును బట్టి మనిషిని ఏర్పరచి చూడటమే అసలైన పోల్చడం.

మీరు చదివిన పని కూడా ఇటువంటిదే. ఇలాంటి దీపాల చిత్రాలు తీసే ఉపగ్రహాలలో ఒకటైన, 2011లో ప్రయోగించిన సుయోమీ ఎన్‌పీపీ రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో మన మీదుగా పోతుంది. దాని చిత్రంలో ఒక్కొక్క చుక్క నేల మీద సుమారు 750 మీటర్ల మేర ఉంటుంది కనుక, దాదాపు 1,200 మీటర్ల ప్రకాశం బ్యారేజి అందులో రెండు చుక్కలకు మించదు. పైగా దీపకాంతి ఊరి పొలిమేర దాటి ఒలుకుతుంది. ఉపగ్రహం ఉన్న చోటును, చూసిన దిక్కును బట్టి అక్షాంశ రేఖాంశాలు ముందే లెక్కగట్టినా, మిగిలిన కొద్దిపాటి జరుగుడును సవరించడానికి కృష్ణానది చీకటి చారను, తీరపు అంచును, ఊళ్ల నడిబొడ్డులను ఆనవాళ్లుగా పట్టాలి. దేశాల ఎల్లలు దీపాలలో సాధారణంగా కనబడవు. కంచె వెంబడి దీపాలున్న భారత్–పాకిస్తాన్ సరిహద్దు అరుదైన మినహాయింపు. ఉత్తర కొరియా దాదాపు చీకటి కావడంతో దక్షిణ కొరియా దీవిలా కనబడుతుంది. పటం లేకుంటే అక్కడ నేలేదో నీరేదో చెప్పలేం.

అందువల్ల ఇక్కడ పనులు రెండు: ఆనవాలు పట్టడం, ఆపైన చిత్రాన్ని పటానికి ఒదిగించడం. "సరిపోల్చు" మొదటి పనికి కొంత దగ్గరే గాని రెండోదానికి చాలదు. "జతపరచు" రెండింటిని ఒకచోట చేర్చడమే తప్ప సరిగా పొసగడాన్ని చెప్పదు. పటమంటే సంస్కృతంలో బట్ట కూడా కనుక, దర్జీవాడి కొలతకు, బట్టకు కుదిరినట్లు "కుదిర్చు" అనడం నాకు నచ్చుతుంది. "సరిపోల్చారు" తప్పని మాత్రం అనను. రెండు చిత్రాల తేడాలు చూడటమే ఆ వ్యాసకర్త ఉద్దేశమైతే అదే సరైన మాట. కూర్చోబెట్టడం ఉద్దేశమైతే, "దీపాల చిత్రాన్ని ఆనవాళ్లను బట్టి పోల్చుకొని దేశపటానికి కుదిర్చారు" అని రాయవచ్చు.