పరామర్శకు వస్తానంటే తప్పా?

సందేహం: నా చిన్ననాటి స్నేహితుడు క్యాన్సర్‌తో రెడ్ హిల్స్‌లోని ఒక ఆస్పత్రిలో ఉన్నాడు. ‘ఆదివారం నిన్ను పరామర్శించడానికి వస్తాను’ అని ఫోనులో సందేశం పెట్టాను. ‘నేనింకా పోలేదురా’ అని జవాబిచ్చాడు. రెండు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. పరామర్శ అనే మాటను చావు ఇంటికే వాడాలా? ఇంకొకటి: ‘క్యాన్సర్ బాధితుడు’, ‘క్యాన్సర్ గ్రస్తుడు’ – వీటిలో ఏది సరైనది?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

సమాధానం: మీ వాక్యంలో దోషం లేదు. నిఘంటువును సాక్ష్యానికి పిలిస్తే మీ పక్షానే మాట్లాడుతుంది. అయినా మీ స్నేహితుడి కోపం అకారణం కాదు.

సంస్కృతంలో ‘మృశ్’ ధాతువుకు తాకడమని అర్థం. ‘పరా’ చేరి పరామర్శ అయితే పట్టి చూడటం, తడిమి చూడటం. చేత్తో తడమడం నుంచి మనసుతో తడమడానికి, అంటే ఆలోచనకు, ఈ మాట వెళ్లింది. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చుకునే ముందు మనసులో జరిగే ఆలోచనను తర్కశాస్త్రం పరామర్శ అనే అంటుంది. హిందీలో అది సలహా అయింది. కాబట్టి మన నగరంలో హిందీవారికి పరామర్శ వైద్యుడి దగ్గర దొరుకుతుంది, తెలుగువారికి బంధువులు పళ్ల సంచీతో పాటు తెచ్చి ఇస్తారు!

తెలుగులో ఈ మాటకు కష్టంలో ఉన్నవారి దగ్గరికి వెళ్లి మంచిచెడ్డలు విచారించడమని అర్థం స్థిరపడింది. జ్వరంతో పడుకున్నవారినీ, వరదలో ఇల్లు మునిగినవారినీ, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారినీ పరామర్శించవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది. పత్రిక తెరిస్తే ‘మృతుని కుటుంబాన్ని పరామర్శించిన’ నాయకుడు రోజూ ఎవరో ఒకరు కనిపిస్తారు, పక్కనే దండ వేసిన పటం. ఏళ్ల తరబడి ఆ పటం పక్కన నిలబడిన మాటకు ఆ అగరొత్తుల వాసన పట్టింది. ఒంట్లో బాగున్నవారికి అది తెలియదు. మంచం మీద ఉన్నవారి చెవికి మాత్రం ముందు అదే తగులుతుంది.

మన ఊళ్లోనే వినిపించే ఉర్దూను చూడండి. జబ్బుపడ్డవారిని చూడబోవడం ‘ఇయాదత్’. పోయినవారి ఇంటికి వెళ్లి ఓదార్చడం ‘పుర్సా’. పుర్సాకు మూలమైన పారసీ క్రియకు అడగడమని తప్ప వేరే అర్థం లేదు. ‘మిజాజ్ పుర్సీ’ అని ఆరోగ్యం అడగడంలో ఉన్నదీ ఆ క్రియే. ఒకటి ఏడుపు ఇంట స్థిరపడింది, ఇంకొకటి కుశలప్రశ్నగా మిగిలింది. ఇయాదత్‌కు మూలమైన అరబ్బీ ధాతువుకు తిరిగి రావడమని అర్థం. ఒకసారి చూసి ఊరుకోకుండా మళ్లీ వచ్చేవాడి మాట అది. నాకు ఈ మాట మీద కొంచెం అసూయ ఉంది, దాచుకోను.

చెవిని బట్టి మాట మారడానికి ఇంకో ఉదాహరణ తెలుగులోనే ఉంది. తెలంగాణలో ‘మందలించడం’ అంటే పలకరించి బాగోగులు అడగడం. కోస్తాలో అదే మాటకు చీవాట్లు పెట్టడమని అర్థం. మా పక్కింటి పెద్దాయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు పై అంతస్తులో ఉండే వరంగల్ ఆయన ‘అన్నను ఒకసారి మందలించి పోదామని వచ్చాను’ అన్నారు. గుంటూరు నుంచి వచ్చిన ఆ ఇంటి ఇల్లాలు గుమ్మంలోనే అడ్డంగా నిలబడి, ‘ఆయనేం తప్పు చేశారండీ, అసలే మనిషి నీరసంగా ఉంటే!’ అన్నారు. లోపల మంచం మీద పెద్దాయన కుట్లు పట్టుకుని నవ్వారు.

‘వెళ్తాను’ అనబోయి ‘వెళ్లొస్తాను’ అనే జాతి మనది. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. జబ్బు మనిషి దగ్గర ఆ జాగ్రత్త ఇంకాస్త కావాలి. పరామర్శ బదులు ‘చూసిపోతాను’ అని మాత్రం రాయకండి, కడచూపు గుర్తుకొస్తుంది. ‘ధైర్యంగా ఉండు’ కూడా వద్దు. భయపడాల్సినదేదో ఉందని ఆ మాటే చెబుతుంది.

రెండో ప్రశ్న తేలిక. రెండూ సాధువులే, వార్తకు ‘బాధితుడు’ చాలు. ‘గ్రస్త’ అంటే మింగబడిన అని అర్థం. గ్రహణం పట్టిన సూర్యుడూ గ్రస్తుడే, మళ్లీ బయటపడతాడు కదా అని మీరు వాదించవచ్చు. ఆ వాదన వ్యాసంలో చేయండి, స్నేహితుడి ముందు కాదు. ఆయనకు పేరుందిగా, దానితో పిలవండి.

ఇక సందేశం: ‘ఒరేయ్, ఆదివారం వస్తున్నాను, సాయంత్రం దాకా అక్కడే ఉంటాను’ అని రాయండి. జవాబు రాకపోయినా వెళ్లండి. మలక్‌పేటలో మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా లక్డీకాపూల్‌లో దిగవచ్చు.