అవ్వాతాతలతో సరస్సు ఒడ్డున నాలుగు రోజులు

తిరుపతి నుంచి అమ్మానాన్న, చిత్తూరు నుంచి అత్తామామ, డాలస్ నుంచి అన్న కుటుంబం, న్యూజెర్సీ నుంచి చెల్లెలు, బావ, పిల్లలు. వెరసి ఇరవై మంది. అందరూ ఒక్కచోట కలవాలి, నీళ్ళ పక్కన కూర్చోవాలి, పిల్లలు కొండలు చూడాలి. ఈ ఆలోచన రాగానే అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్ళు మ్యాప్ తెరిచి చుక్కలు పెట్టడం మొదలుపెడతారు. పొద్దున కాణిపాకం, మధ్యాహ్నం శ్రీకాళహస్తి, సాయంత్రానికి తిరుచానూరు చుట్టేసే అలవాటు మనది. మనం వెళ్ళబోయే వయోమింగ్ రాష్ట్రంలో ఆ లెక్క సాగదు. ఒకే చోట మకాం పెట్టండి. గుంపులో అందరికన్నా నిదానంగా నడిచే మనిషి ఎవరో చూసుకుని, ఆ మనిషి కాళ్ళను బట్టి రోజును కట్టండి. మిగతా ఏర్పాట్లన్నీ దాన్ని బట్టే తేలతాయి.

ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు పేరు అందరికీ తెలుసు గనక అందరూ అటే పరిగెడతారు. పెద్దవాళ్ళు ఉంటే దానికి కాస్త దక్షిణాన ఉన్న గ్రాండ్ టీటన్ పార్కు మేలు. అందులో జాక్సన్ లేక్ ఒడ్డున కోల్టర్ బే అనే చోట క్యాబిన్లు, క్యాంప్‌గ్రౌండ్, సరుకుల కొట్టు, లాండ్రీ, పడవల రేవు, విజిటర్ సెంటర్ అన్నీ నడిచి వెళ్ళే దూరంలో ఉంటాయి. కారు తీయకుండానే పొద్దు గడిచిపోతుంది. అక్కడ రెండు రకాల బస కలిపి తీసుకోండి. లాగ్ క్యాబిన్లలో మంచాలుంటాయి గానీ వంటగది ఉండదు. టెంట్ క్యాబిన్లకు రెండు వైపులా దుంగల గోడలు, రెండు వైపులా కాన్వాస్ గుడ్డ. బయట వంటకు గ్రిల్, కూర్చోడానికి బల్ల ఉంటాయి, బాత్రూమ్ మాత్రం కొంచెం నడిచి వెళ్ళాలి. పెద్దవాళ్ళకు సొంత బాత్రూమ్ ఉన్న లాగ్ క్యాబిన్, కుర్రవాళ్ళకు టెంట్ క్యాబిన్. డబ్బు మిగులుతుందని పెద్దాయన్ని కూడా టెంట్‌లో పడుకోబెడితే, రాత్రి రెండు గంటలకు చలిలో టార్చి పట్టుకుని ఆయన వెంట వెళ్ళే పని మీదే. చెంబు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్ళండి, అక్కడి కొట్టులో దొరకదు.

క్యాబిన్లకు ఏడాది ముందే బుక్ చేసుకోవాలి. క్యాంప్ సైట్లు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో ఆరు నెలల ముందు తెరుస్తారు, జులై తేదీలు చూస్తుండగానే అయిపోతాయి. అన్నీ ఒకరి పేరు మీదే బుక్ చేయకండి. ఇంటికొకరు తమ క్యాబిన్ తాము బుక్ చేసుకుంటే, చివర్లో ఎవరైనా మానుకున్నప్పుడు డబ్బు గొడవ ఆ ఇంటి వరకే ఉంటుంది. బావమరిది వాటా ఎంతో అడగడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

తేదీలు తేలడం అసలు కష్టం. మన ఊళ్ళో బడి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు టీటన్‌లో ఇంకా మంచు కరగదు, కోల్టర్ బే తెరిచేది మే చివర్లో. దసరా సెలవులకు వద్దామంటే సెప్టెంబరు చివరికల్లా మూసేస్తారు. తిరుపతివాళ్ళయితే మేలో గంగమ్మ జాతర, ఆ తర్వాత బ్రహ్మోత్సవాలు చూసుకుంటారు. చిత్తూరు వైపు మామిడి తోటలున్న ఇళ్ళలో జూన్, జులై నెలల్లో పెద్దాయన కదలడు, తోతాపురి కోత, ఫ్యాక్టరీల దగ్గర లారీల వరస ఆయనే చూసుకోవాలి. అందుకని తోట లేనివాళ్ళకు జూన్ చివరి వారం, ఉన్నవాళ్ళకు ఆగస్టు మొదటి వారం కుదురుతుంది. ఊరి నుంచి వచ్చే పిల్లలు పది రోజులు బడి మానక తప్పదు, హెడ్మాస్టరుకు ముందే చెప్పుకోవాలి. ఆగస్టు దాటించొద్దనడానికి ఇంకో కారణం ఉంది. జాక్సన్ లేక్‌కు ఆనకట్ట ఉంది, పైనున్న 39 అడుగుల నీళ్ళు పక్క రాష్ట్రం ఐడహో రైతుల సాగుకు. మన చెరువుల్లాగే ఆయకట్టుకు వదిలే కొద్దీ నీరు వెనక్కిపోతుంది. వానలు తక్కువైన ఏడు పడవల రేవు సీజన్ మధ్యలోనే మూసేస్తారు, ఒడ్డంతా బురద మిగులుతుంది. జూన్‌లో వెళ్తే దోమలు ఎక్కువ. రెంటిలో దోమలే నయం.

"అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినదాన్ని, నాకేం" అని అవ్వ అంటుంది. తిరుమల కొండ ఎత్తు 2,800 అడుగుల పైచిలుకు. ఈ సరస్సు ఒడ్డే దాదాపు 6,800 అడుగులు. మెట్లెక్కే కాళ్ళకు, పలచబడిన గాలికి సంబంధం లేదు. చెన్నై నుంచి గానీ బెంగళూరు నుంచి గానీ దిగిన వారంలోనే కొండకు తీసుకుపోవద్దు, ముందు మీ ఇంట్లో నిద్ర సర్దుకోనివ్వండి. తర్వాత సాల్ట్ లేక్ సిటీకి విమానంలో వచ్చి, 4,200 అడుగుల ఎత్తున్న ఆ ఊళ్ళో రెండు రాత్రులు ఉండి, అప్పుడు కారులో పైకి వెళ్ళడం మంచి పద్ధతి. జాక్సన్ హోల్ విమానాశ్రయం పార్కు లోపలే ఉంది గానీ టిక్కెట్లు ఖరీదు, పైగా నేరుగా ఎత్తుకు చేరిపోతారు. మొదటి రోజు నడక పెట్టుకోకండి, నీళ్ళు మాటిమాటికీ తాగించండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, నిద్ర పట్టకపోవడం మొదలై తగ్గకపోతే కిందికి దిగడమే మందు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు, బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవాళ్ళు ఊళ్ళో బయల్దేరకముందే తమ డాక్టరును ఎత్తు గురించి ప్రత్యేకంగా అడగాలి. "అమెరికా వెళ్తున్నాం" అని మాత్రమే చెబితే డాక్టరుకు ఈ సంగతి తట్టదు. ఇన్సూరెన్స్ ఏ జబ్బుకు ఎంత అని గీత గీసిన చవక పాలసీ వద్దు. మొత్తం ఖర్చు భరించే రకం తీసుకుని, పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఇస్తారా, ఏ వయసు వరకు ఇస్తారు అన్న రెండు పేరాలు చదవండి. పెద్దాసుపత్రి జాక్సన్ ఊళ్ళో ఉంది, కోల్టర్ బే నుంచి దాదాపు 40 మైళ్ళు.

ఇక వంట. ఈ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది, సోనా మసూరి పైన మెత్తబడి లోపల గట్టిగా మిగులుతుంది. ఎంత మంట పెంచినా ఆ వేడి పెరగదు, ఆవిరై పోయేది నీళ్ళే. అందుకని కుక్కర్ లేనిదే పని జరగదు. ఇరవై మందికి ఒక పూటకు 2 కేజీల బియ్యం, 600 గ్రాముల కందిపప్పు వేసుకుంటే సరిపోతుంది. ఆరున్నర లీటర్ల కుక్కర్లు రెండింటిలో కేజీ చొప్పున బియ్యం పెట్టండి, పప్పు అరగంట నానబెట్టి మూడో కుక్కర్లో. ఇంట్లో మూడు విజిళ్ళకు అయ్యేదానికి ఇక్కడ ఇంకో రెండు. రెండు బర్నర్ల క్యాంప్ స్టవ్ మీద పెద్ద కుక్కర్లు రెండు పక్కపక్కన పట్టవు, కాబట్టి స్టవ్‌లు రెండు ఉండాలి. ఒక పౌండు ప్రొపేన్ గ్యాస్ సిలిండర్ రెండు బర్నర్లూ పెద్ద మంట మీద గంటకే అయిపోతుంది. రోజుకు మూడు లెక్కన కొనుక్కోండి. ఇవి విమానంలో రానివ్వరు, సాల్ట్ లేక్‌లో ఇండియన్ సరుకులు కొన్నప్పుడే తీసుకోండి. గాలికి మంట పక్కకు పోతుంది, స్టవ్ మూత గాలి వచ్చే వైపు తిప్పి పెట్టండి. ఎండలు ముదిరిన ఏడు కట్టెలు, బొగ్గుల మంట నిషేధిస్తారు, అప్పుడు గ్రిల్ దండగ, గ్యాసే దిక్కు.

రాగి సంగటి చేయాలనుకుంటే అన్నాన్ని ముందు కుక్కర్లో గుజ్జుగా ఉడికించుకుని, అందులో పిండి పోసి గెలకాలి. చెనిక్కాయల పొడి, చింతపండు తొక్కు ఊరి నుంచి తెచ్చుకోవచ్చు. నాటుకోడి పచ్చడి లాంటి మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు అమెరికా కస్టమ్స్ దగ్గర తీసేస్తారు. తెచ్చిన తినుబండారాలన్నీ అక్కడి అధికారికి చెప్పాలి. చెప్పకుండా దొరికితే జరిమానా.

తెచ్చినవి ఎక్కడ పెడతారన్నది అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఈ అడవి ఎలుగుబంట్లది. తిరుమల లడ్డూ కవరు దిండు కింద పెట్టుకుని పడుకోవడం అవ్వకు అలవాటే కావచ్చు. నెయ్యి, పచ్చకర్పూరం, యాలకుల వాసన మనకు తెలియనంత దూరానికి ఎలుగుకు తెలుస్తుంది. లడ్డూ ఒక్కటే కాదు, కొబ్బరినూనె సీసా, టూత్‌పేస్టు, సబ్బు, అమృతాంజనం, కడిగి బోర్లించిన ఖాళీ కుక్కర్ కూడా సైటులో ఉండే ఇనుప బేర్ బాక్సులోకి పోవాలి, లేదా అద్దాలు మూసిన కారులోకి. రోజూ రాత్రి పడుకునే ముందు ఒకరు టెంట్లన్నీ తిరిగి వాసన వచ్చే సరుకు ఏరి తేవాలి. ఆ పని పదేళ్ళు దాటిన పిల్లలకు అప్పగిస్తే పోలీసుల్లా వెతికి తెస్తారు. గిన్నెలు సరస్సులో కడగకూడదు, కడిగిన నీళ్ళు అందుకోసం పెట్టిన సింకులోనే పోయాలి. ఎలుగు, తోడేళ్ళకు 100 గజాలు, మిగతా జంతువులకు 25 గజాలు ఎడం పాటించాలి, ఫోటో కోసమైనా సరే. బేర్ స్ప్రే అక్కడే కొనుక్కుని నడకకు పోయే ప్రతి గుంపులో ఒకరు నడుముకు తగిలించుకోవాలి. అది దోమల మందు లాగా ఒంటికి కొట్టుకునేది కాదు, మిరపకాయ ఘాటు. మీద పడబోయే ఎలుగు మీద కొట్టేది.

నాలుగు రోజులుంటే రెండు రోజులకే ప్లాన్ రాయండి. ఒక పొద్దున రేవు నుంచి జాక్సన్ లేక్ మీద పడవ షికారు, అందరూ ఎక్కవచ్చు. మధ్యాహ్నాలు ఉరుములు, గాలి వస్తాయి గనక నీళ్ళ మీది పనులు భోజనానికి ముందే ముగించాలి. ఇంకో పొద్దున ఎనిమిదికల్లా జెన్నీ లేక్ చేరండి, ఆలస్యమైతే పార్కింగ్ దొరకదు. పడవలో అవతలి ఒడ్డుకు దాటి అర మైలు ఎక్కితే హిడెన్ ఫాల్స్ జలపాతం, మరో అర మైలు రాళ్ళ దారిలో ఇన్‌స్పిరేషన్ పాయింట్. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను అటు తీసుకుపోకుండా కారులో సిగ్నల్ మౌంటెన్ పైకి తీసుకెళ్ళండి, ఐదు మైళ్ళు రోడ్డే, సరస్సంతా పైనుంచి కనిపిస్తుంది. వాన వస్తే జాక్సన్ లేక్ లాడ్జ్ హాల్లో 60 అడుగుల అద్దాల కిటికీల ముందు కాఫీ తాగుతూ కూర్చుంటే చాలు. అక్కడి నుంచి కింద చిత్తడి నేలలో మూస్, ఎల్క్ అనే పెద్ద జాతి జింకలు మేస్తూ కనబడతాయి. కోల్టర్ బేలో లేక్‌షోర్ ట్రయిల్ రెండు మైళ్ళు, చాలావరకు చదునే, తాతయ్య సాయంత్రం నడకకు సరిపోతుంది. పిల్లలు నీళ్ళలో ఆడటానికి జాక్సన్ లేక్ జులైలో కూడా చల్లగా ఉంటుంది. స్ట్రింగ్ లేక్ లోతు తక్కువ, కొంచెం వెచ్చన. పడవలో 13 ఏళ్ళలోపు పిల్లలకు లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. ఎల్లోస్టోన్‌లో వేడినీళ్ళు పైకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చూసి తీరాలన్నవాళ్ళు ఒక కారులో విడిగా వెళ్ళిరావాలి, ఒకవైపే గంటన్నర పైన పడుతుంది. అందరినీ లాక్కెళ్ళకండి.

షష్టిపూర్తి అక్కడే చేసేద్దామని అనుకునేవాళ్ళున్నారు. హోమం, కుర్చీలు, పురోహితుడు అంటే పార్కు వారి పర్మిట్ కావాలి, గ్రిల్ అవతల నిప్పు ఒప్పుకోరు, పసుపు కుంకుమలు, పూలు నీళ్ళలో వదలకూడదు. సాల్ట్ లేక్ దగ్గర సౌత్ జోర్డన్‌లో శ్రీ గణేశ ఆలయం ఉంది. ఆ రెండు రాత్రుల బసలోనే అక్కడ పూజ జరిపించుకుంటే పైన కేకు, పాటలు మిగులుతాయి. డ్రోన్ నేషనల్ పార్కుల్లో నిషేధం, తమ్ముడికి ముందే చెప్పండి.

పార్కు గేటు దగ్గర కారుకు 35 డాలర్లు, ఏడు రోజులకు. అమెరికాలో నివాసం ఉన్నట్టు స్టేట్ డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే, హెచ్1బీ వాళ్ళయినా ఏడాది పాస్ 80 డాలర్లకే. 2026 జనవరి 1 నుంచి ఊరి నుంచి వచ్చినవాళ్ళకు లెక్క మారింది. గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్‌తో కలిపి 11 పార్కుల్లో, ఇక్కడ నివాసం లేని 16 ఏళ్ళు, అంతకు పైబడినవారికి మనిషికి 100 డాలర్లు అదనం. వాళ్ళ ఏడాది పాస్ 250. ఆరుగురు పెద్దలుంటే చిన్న మొత్తం కాదు. ఎవరిని ఏ కారులో ఎక్కిస్తే ఏ పాస్ వర్తిస్తుందో పార్కు వెబ్‌సైటులో చదివి, బండ్లు మాట్లాడుకునే ముందే కాగితం మీద లెక్క వేసుకోండి. 62 నిండినవారి సీనియర్ పాస్ పౌరులకు, గ్రీన్‌కార్డు వారికే; విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు రాదు. బండిలో ఎనిమిదేళ్ళ వరకు పిల్లలకు వయోమింగ్ చట్టం ప్రకారం కార్ సీటు ఉండాలి, ఊరి నుంచి వచ్చే పిల్లలకూ ముందే అద్దెకు చెప్పుకోండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల రాదు, మ్యాపులు దించుకుని, "పన్నెండింటికి రేవు దగ్గర" అని నోటితో చెప్పుకోవడమే.

తిరిగొచ్చేటప్పుడు సాల్ట్ లేక్‌కు ఐదున్నర గంటల పైనే దారి. ఆ రోజు రాత్రికే ఎవరికీ విమానం పెట్టకండి, దారిలో రోడ్డు పని చాలు తప్పిపోవడానికి. మిగిలిన సిలిండర్లు, బేర్ స్ప్రే సామాన్లలో వేస్తే విమానాశ్రయంలో పెట్టెలు విప్పిస్తారు. బయల్దేరే పొద్దున పక్క సైటువాళ్ళకు ఇచ్చేసి రండి.