ఒంటి వేడితో కరెంటు పుట్టించే సాగే బట్ట వేసుకుంటే సెన్సార్‌కి బ్యాటరీ అక్కర్లేదా?

సెన్సార్‌కి అక్కర్లేదు. ఆ రీడింగ్ ఫోన్‌కి వెళ్ళాలంటే మాత్రం కావాలి, ఇవాళ్టికైతే నా మాట ఇదే.

నేను ఎంటెక్ ప్రాజెక్ట్ కోసం ఏడాదిన్నర ఇదే పని చేశాను. సాగే దారానికి కార్బన్ నానోట్యూబ్ (కార్బన్‌తో చేసిన అతి సన్నటి గొట్టాలు) పూత వేసి, పి-టైప్ ఎన్-టైప్ (వేడి తేడాకి ఒకదానికొకటి వ్యతిరేక దిశలో వోల్టేజ్ ఇచ్చే రెండు రకాలు) కలిపి అరవై జతలు పెట్టి, మోచేతి పైదాకా వచ్చే స్లీవ్ అల్లాం. హాట్ ప్లేట్ మీద పెట్టి బట్ట లోపలి వైపుకీ బయటి వైపుకీ 30 డిగ్రీల తేడా ఇస్తే 160 మిల్లీవోల్టులు వచ్చింది, ఆ రోజు ల్యాబంతా పండగే. అదే స్లీవ్ నా చేతికి తొడుక్కుంటే 8. చర్మం 33 డిగ్రీలు, గది 26, మరి ఆ ఏడు డిగ్రీలూ ఏమయ్యాయంటే చాలావరకు చర్మానికీ బట్టకీ మధ్య సందులోను, బట్ట మీద కదలకుండా నిలబడే గాలి పొరలోను పోతాయి, పల్చటి బట్టకి దక్కేది డిగ్రీన్నర. అందుకే పేపర్లలో హాట్ ప్లేట్ లెక్కలు మాత్రమే వేసి "వేరబుల్" అని పేరు పెట్టేవాళ్ళంటే నాకు మంట, ఒక్కసారి మనిషికి తొడిగి చూపించండి, ఉతికాక ఎంత వచ్చిందో కూడా రాయండి.

స్లీవ్ లోపలి రెసిస్టెన్స్ 400 ఓమ్‌లు, అంటే లోడ్‌కి (కరెంటు వాడుకునే పరికరానికి) అందేది మహా అయితే 40 నానోవాట్లు. బ్లూటూత్ చిప్ సిగ్నల్ పంపే క్షణంలో మిల్లీవాట్లు అడుగుతుంది, లక్ష రెట్ల తేడా. వోల్టేజ్ పెంచే బూస్ట్ కన్వర్టర్ స్టార్ట్ అవడానికే 20 మిల్లీవోల్టులు కావాలి, నేను కారిడార్‌లో చెయ్యి ఊపుకుంటూ గబగబా నడిస్తే గాలి తగిలి 15 దాకా ఎక్కేది, ఆగగానే మళ్ళీ 8.

ఓ రాత్రి అలాగే మీటర్ ముందు కూర్చుని ఉంటే మా రూమ్మేట్ వచ్చి "ఇంకా అవ్వలేదేంట్రా, పద" అని ఆ స్లీవ్ మీదే చెయ్యి పట్టుకుని లాగాడు. రీడింగ్ రెండు సెకన్లలో 8 నుంచి 2కి పడిపోయింది. వాడి అరచెయ్యి కూడా వెచ్చగానే ఉంటుంది కదా, బయటి వైపు కూడా వేడెక్కేసరికి తేడా పోయింది. "వదులు... మళ్ళీ పట్టుకో... ఇప్పుడు ఒక్క వేలే పెట్టు" అని అరగంట వాణ్ణి కదలనివ్వలేదు. ఒక్క వేలికి కొంచెం తగ్గింది, రెండు వేళ్ళకి ఇంకాస్త. బయట్నుంచి ఏ కరెంటూ ఇవ్వకుండా బట్టే స్పర్శ చెప్తోంది! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సెల్ఫ్ పవర్డ్ అంటే నా దృష్టిలో ఇదే, సిగ్నల్ తనంతట తను పుట్టడం. మాస్క్‌లో పెడితే వదిలిన ప్రతి ఊపిరికీ వోల్టేజ్ ఎగురుతుంది, పీలిస్తే దిగుతుంది. ఇంకోటి, మా స్లీవ్‌లో మోచెయ్యి వంచినప్పుడు దారం సాగి రెసిస్టెన్స్ పెరిగేది గానీ వోల్టేజ్ దాదాపు మారేది కాదు, కాబట్టి వోల్టేజ్ చూసి వేడి, రెసిస్టెన్స్ చూసి కదలిక విడివిడిగా చెప్పొచ్చు (రెసిస్టెన్స్ కొలవడానికి మాత్రం చిన్న కరెంటు పంపాలి, అది దాచను).

మీరు మొదలుపెడుతుంటే మెటీరియల్ కోసం నెలలు తగలెయ్యకండి, బట్ట మందం మీద, చర్మానికి ఎంత బాగా అతుక్కుంటుందన్న దాని మీద పని చెయ్యండి. ఎన్-టైప్ పూతకి గాలి తగలకుండా పైన ఏదైనా పొర వెయ్యండి, మాది ఆక్సిజన్ పట్టేసి మెల్లగా పి-టైప్‌కి తిరిగిపోయింది, అది కనిపెట్టడానికే మాకు రెండు నెలలు పట్టింది.